కత్తిగాటు

వాల్దెలోబా,
2004 నవంబరు 9, మంగళవారం

నా ప్రెసెన్‌కి,

ముందు మోకాలు ఎలా ఉందో చెప్పు. మీ చెల్లెలు అంపారో ఉప్పు లేని పులుసు పెడుతోందని నువ్వు మొన్న ఫోన్‌లో విసుక్కున్నావు. తిను. ఆపరేషన్ చేసిన డాక్టరు ఆరు వారాలు అన్నాడు, అందులో మూడు అయిపోయాయి. ఇక్కడ నేనూ చిస్పా బాగానే ఉన్నాం. కుక్కకి నువ్వు లేని లోటు తెలుస్తోంది. పొద్దున్నే తలుపు దగ్గర కూర్చుని నా వంక చూస్తుంది, నేను కాదని తెలుసుకుని మళ్ళీ పడుకుంటుంది.

పెళ్ళయిన ముప్పై ఒక్క ఏళ్లలో నీకు నేను రాస్తున్న మొదటి ఉత్తరం ఇది. అంపారో ఇంట్లో ఫోన్ నడవలో ఉంటుంది, ఆవిడ చెవులు వంటింట్లో ఉన్నా నడవలోనే ఉంటాయి, అందుకని రాస్తున్నానని చెప్పుకోవచ్చు. కానీ అది సాకు. అసలు సంగతి, నీ గొంతు వింటూ ఈ మాట చెప్పే ధైర్యం నాకు లేదు. కాగితం అయితే మధ్యలో "ఏంటీ?" అని అడగదు.

నిన్న పంచాయతీ ఆఫీసు నుంచి ఒక కాగితం వచ్చింది. డిసెంబరు ఐదున ట్రఫుల్ గడ్డల సంతలో నీకివ్వబోయే ఇత్తడి ఫలకం మీద ఏం చెక్కుతారో అందులో ఉంది. "ఈ ఊరి పొలంలో నాటిన చెట్టు కింద తొలి ట్రఫుల్ తీసిన ప్రెసెంతాసియోన్‌కి, 2002" అని. తప్పులుంటే వారంలోగా చెప్పమన్నారు. సంవత్సరం తప్పు కదా, నువ్వు తీసింది 1998 జనవరిలో. దిద్దిద్దామని కాగితం పట్టుకుని వెళ్ళాను. గుమాస్తా పిల్ల బ్లాంకా తలెత్తి "ఏం ఎలాదియో, ఏదైనా తప్పుందా?" అంది. 1998 అని నా నోటితో అనాలి, అంతే. దానికి బదులు "కుక్క టీకా కాగితం గురించి వచ్చా" అన్నాను. "అది ఇక్కడ కాదుగా, పశువుల డాక్టరు దగ్గర కదా" అంది. అవునవును అని తేలు కుట్టిన దొంగలా బయటికొచ్చాను. ఆ ఏడాది నేను ఏం చేశానో ఊళ్ళో ఎవరికీ తెలియదు. నీకూ తెలియదు. నువ్వు వేదికెక్కి ఆ ఫలకం అందుకునేలోపు నీకు తెలియాలి, అందుకే రాస్తున్నాను.

ప్రెసెన్, ఆ రోజు నువ్వు తీసిన నల్లగడ్డ, ఆ తొలి ట్రఫుల్, మన నేలది కాదు. అంతకుముందు రోజు సాయంత్రం నేనే దాన్ని అక్కడ పాతిపెట్టాను.

రాసేశాను. ఇక మిగతాది రాయడం తేలిక అనుకున్నాను గానీ ఇందాకటి నుంచి కలం పట్టుకుని కూర్చున్నాను. ఒక గ్లాసు వైన్ తాగాను. మొదటి నుంచి చెప్తాను.

మీ అత్త పోయి ఆ తెల్లరాళ్ళ చేను నీకొచ్చినప్పుడు బార్లీ వేద్దామన్నాను. నువ్వు వినలేదు. చిన్నప్పుడు మీ మామయ్యతో కొండల్లో తిరిగి ఓక్ వేళ్ళ పక్కన భూమిలో పెరిగే ఆ నల్ల పుట్టగొడుగుల్ని, అడవి ట్రఫుల్స్‌ని, ఏరినదానివి, ఆ నేల చూడగానే నీకు ఏం తోచిందో నాకు అర్థం కాలేదు. 1986లో, వేళ్ళకి ట్రఫుల్ బీజం పట్టించిన ఓక్ మొక్కలు నర్సరీ నుంచి తెచ్చి వరసల్లో నాటావు. ఊళ్ళో ఎవరూ చేయని పని. పదేళ్లు అన్నావు. పది దాటి పదకొండోది వచ్చింది. చెట్ల చుట్టూ గడ్డి మాడిపోయి నేల బోడిగా కనిపిస్తుంటే "చూడు, కాలింది, కాలింది, లోపల పని జరుగుతోంది" అని నన్ను లాక్కెళ్ళి చూపించేదానివి. నాకు బోడినేల కనిపించేది. చిస్పాని చలికాలమంతా తిప్పేదానివి, అది ఒక్కచోట కూడా కాలితో గీరేది కాదు.

1997 చివర్లో నువ్వు చిక్కిపోయావు. ఇంకొక్క చలికాలం చూస్తాను, ఫిబ్రవరిలో చెట్లు పీకించేద్దాం అన్నావు. ట్రాక్టరు అతనికి కూడా చెప్పేశావు. నేను అన్నది నెగ్గిందని నాకు సంతోషం కలగాలి. కానీ క్రిస్మస్ ముందు ఒక పొద్దున రొట్టెల కొట్టు దగ్గర నిన్ను చూశాను. లోపల ఆడవాళ్ళు వరసలో నిలబడి ఉన్నారు. నువ్వు గుమ్మం దాకా వెళ్ళావు, లోపల్నించి ఎవరో "అదుగో వచ్చింది ఓక్ కాయల దొరసాని, జరగండి జరగండి" అన్నారు, అందరూ నవ్వారు. నువ్వు లోపలికి వెళ్ళలేదు. వెనక్కి తిరిగి, సంచి చంకన పెట్టుకుని, పై వీధి చుట్టూ తిరిగి ఇంటికి వెళ్ళావు. ఆ పూట ఇంట్లో నిన్నటి రొట్టె పెట్టావు. కొట్టు మూసి ఉందన్నావు.

ఆ నిన్నటి రొట్టె నములుతుంటే, నీకు ఒక్క గడ్డ దొరికితే చాలు, ఒక్కటంటే ఒక్కటి, వాళ్ళ నోళ్ళు మూతపడతాయి అనిపించింది. అప్పుడు వచ్చింది ఆ ఆలోచన. కొండ అవతలి ఊరి సంతకి వెళ్ళి, గొర్రెల మందు కోసమని నీకు అబద్ధం చెప్పి, ఒక మంచి గడ్డ కొన్నాను. కోడిగుడ్డంత ఉంది. దాన్ని చేతిరుమాల్లో చుట్టి కోటు జేబులో పెట్టుకుని మర్నాటి దాకా గొర్రెల కొట్టంలో దాచాను. కొట్టమంతా వాసనే. గొర్రెలు కూడా నా వంక అదోలా చూశాయి.

జనవరి పదహారు సాయంత్రం నీ మూడో వరసలో, బాగా కాలిన నేల ఉన్న ఒక చెట్టు చూసుకుని, జానెడు లోతు తవ్వి పెట్టాను. పెట్టేముందు చూస్తే గడ్డ మీద ఒకచోట చిన్న గాటు ఉంది. సంతలో కొనేవాళ్ళు లోపలి నలుపు చూడటానికి చాకుతో గోరంత ముక్క లేపుతారు కదా, అది. అందులో మన తెల్లమట్టి కూరి, ఉమ్ము తడితో రుద్ది నున్నగా చేశాను. ఎంత తెలివైనవాణ్ణో అని నాకు నేనే మెచ్చుకున్నాను. మర్నాడు సాన్ అంతోన్ పండగ. పొద్దున్నే "ఒకసారి చేను చూసి వద్దామా, పండగ పూట" అని నేనే అన్నాను. పదకొండేళ్లలో ఎన్నడూ అనని మాట. నీకు అనుమానం రాలేదు.

తర్వాతది నీకు తెలుసు. చిస్పా ఆ చెట్టు దగ్గర గీరింది. నువ్వు మోకాళ్ళ మీద పడి, పిడికెడు మట్టి తీసి ముక్కు దగ్గర పెట్టుకుని, చాలాసేపు అలాగే ఉండిపోయావు. తవ్వి తీశావు. కళ్ళలోంచి నీళ్ళు కారాయి. నేను పక్కన నిలబడి ఉన్నాను, ప్రెసెన్. నువ్వు ఏడుస్తుంటే చూస్తూ, నీకెంత మంచి పని చేశానో అనుకున్నాను. ఇప్పుడు ఆ సంగతి తలుచుకుంటే ఎవరూ లేని ఇంట్లో కూడా మొహం దాచుకోవాలనిపిస్తుంది.

గుడ్లతో పాటు గాజు సీసాలో పెట్టి, వాసన పట్టించి, ఆ రాత్రి పొరుగువాళ్ళందరికీ పొరటు చేసి పెట్టావు. గట్టు పక్క చేను ఉబాల్దో వచ్చాడు, వాళ్ళావిడ తెయోఫిలా వచ్చింది. పళ్ళెం ఎత్తి ముక్కు పెట్టి, "ఇది మన ఊరి నేల వాసనే" అన్నాడు ఉబాల్దో. నేను పళ్ళెంలోకి చూస్తూ తిన్నాను.

ఒక్కటితో ఆపుదామనుకున్నాను. నువ్వు ట్రాక్టరు వద్దని చెప్పేశావు. ఆ చలికాలం మళ్ళీ ఏమీ దొరక్కపోతే నీ మొహం మళ్ళీ వాడిపోతుందని ఇంకొకటి పాతాను. మర్నాటి ఏడు మూడు. అలా ఐదు చలికాలాల్లో పదకొండు గడ్డలు. నేను గొర్రెల మందు కొంటున్నానని నువ్వు నమ్మావు. మన గొర్రెలంత ఆరోగ్యమైన గొర్రెలు ఈ జిల్లాలో ఉండవు. ఆ ఐదో చలికాలం నేను పాతినవాటికన్నా ఎక్కువ బయటికొచ్చాయి. చిస్పా నేను వెళ్ళని వరసల్లో గీరింది. నిజంగా పండుతున్నాయని తెలిసి నేను ఆపేశాను. కానీ ఏది నీది, ఏది నాది అని నాకే తెలియదు. నీ చేనులో నిజంగా పండిన మొదటి గడ్డ ఎప్పుడు వచ్చిందో, ఏ చెట్టు కింద వచ్చిందో నాకు తెలియదు, నా మూలంగా నీకూ తెలియదు. నీ జీవితంలో అంత ఎదురుచూసిన రోజుని నేను నా చేతులతో కలగాపులగం చేసి పెట్టాను.

ఇంకొకటి ఉంది. ఉబాల్దో. నీ గడ్డ చూశాక మరుసటి ఏడు అతను వాళ్ళ నాన్న పెట్టిన బాదం తోట పీకించాడు. కాపు కాసే చెట్లు. "ప్రెసెన్ చేనుకీ నాదానికీ మధ్య ఒక్క గట్టే కదరా" అన్నాడు నాతో. ఆ రోజు నేను చెప్పి ఉండాల్సింది. "నీ ఇష్టం" అన్నాను. అతని ఓక్ మొక్కలకి ఇప్పుడు ఐదేళ్లు దాటాయి. ఇంకా గడ్డి కూడా మాడలేదు. మొన్న గట్టు మీద కూర్చుని "ఇంకెన్నాళ్ళంటావ్?" అని నన్ను అడిగాడు, నేనేదో పెద్ద తెలిసినవాణ్ణయినట్టు.

రాస్తున్నాను కనుక చివరిది కూడా రాసేస్తాను, చిన్నదే. "ఓక్ కాయల దొరసాని" అన్న పేరు మొదట అన్నది నేనే. నువ్వు మొక్కలు నాటిన ఏడు, సతుర్నీనో బారులో పేకాడుతున్నాం. "ఏం ఎలాదియో, మీ ఆవిడ ఓక్ చెట్లు పెట్టి ఏం తీస్తుందిరా?" అని ఎవరో అన్నారు. "కాయలు తీస్తుంది. పందులకి రాణిగా ఉంటుంది, ఓక్ కాయల దొరసాని" అన్నాను. అందరూ పడిపడి నవ్వారు. ఆ ఆటలో నేను గెలిచాను కూడా. వారం తిరిగేసరికి ఊరంతా అదే పేరు. సరదాకి అన్నది. రొట్టెల కొట్టు దగ్గర నిన్ను చూసిన రోజు అది నా నోట్లోంచి వచ్చిందని గుర్తొచ్చింది, అందుకే గడ్డ కొన్నానేమో కూడా.

ఫలకం సంగతి నువ్వు ఏం చేయమంటే అది చేస్తాను. నువ్వు రాకపోయినా అర్థం చేసుకుంటాను.

సిగ్గుతో,
ఎలాదియో


వాల్దెలోబా,
2004 నవంబరు 15, సోమవారం

ప్రెసెన్,

నీ జవాబు రాలేదు. రోజూ పోస్టు అతనికి ఎదురెళ్ళి నిలబడుతున్నాను. "ఏం ఎలాదియో, లాటరీ తగిలిందా?" అంటున్నాడు. నిన్న ఫోన్ చేస్తే అంపారో "అక్క వ్యాయామం చేస్తోంది" అంది. అరగంట తర్వాత చేస్తే "అక్క పడుకుంది" అంది. అర్థమైంది.

నువ్వు చెప్పేదాకా ఆగలేక నేను ఒక పని చేశాను. మొన్న శనివారం ఉబాల్దో దగ్గరికి వెళ్ళాను. గట్టు దగ్గర కంచె తీగ బిగిస్తున్నాడు. నిలబడే చెప్పాను. సంత, చేతిరుమాలు, పదకొండు గడ్డలు, అన్నీ. అతను తీగ బిగించడం ఆపలేదు. నేను పూర్తి చేశాక పటకారు కింద పెట్టాడు.

"అంటే మా నాన్న చెట్లు నువ్వు సంతలో కొన్న గడ్డని చూసి పోయాయన్నమాట" అన్నాడు.

"అవును."

"నేను అడిగాను కదరా నిన్ను. పీకించే ముందు ఇక్కడే నిలబడి అడిగాను."

"అడిగావు."

"నీ ఇష్టం అన్నావు."

కొట్టినా బాగుండేది. అతను కాసేపు తన ఓక్ మొక్కల వంక చూశాడు, తర్వాత "ప్రెసెన్‌కి తెలుసా?" అన్నాడు. ఇప్పుడే రాశానన్నాను. అప్పుడు ఒక మాట అన్నాడు, నాకు అర్థం కాలేదు, అందుకే నీకు రాస్తున్నాను. "మీ ఆవిడ నన్ను చూస్తే మొహం తిప్పుకుంటుంది. పలకరిస్తే అవును, కాదు, అంతే. ఆ రోజు గుడ్లు తినడానికి కూడా తెయోఫిలాని పిలిచింది, నన్ను పిలవలేదు, నేనే ఆవిడ వెనక వచ్చాను. నేను ఆమెకి ఏం చేశానో పద్దెనిమిదేళ్లుగా ఆలోచిస్తున్నాను. ఈ గడ్డల వల్ల అనుకుందామంటే ఇవి నిన్నగాక మొన్నటివి" అన్నాడు. నాకు తెలియదన్నాను. నిజంగానే తెలియదు. నువ్వు అందరితోనూ అంతే కదా అనుకున్నాను.

నిన్న ఆదివారం పొద్దున తలుపు తీస్తే గుమ్మం ముందు మన నిచ్చెన, రెండు గొడ్డళ్ళు, మందు కొట్టే డబ్బా, మన పెళ్ళప్పుడు వాళ్ళింట్లో ఉండిపోయిన పెద్ద గరిటె కూడా, వరసగా పెట్టి ఉన్నాయి. ముప్పై ఏళ్లలో ఉబాల్దో మన దగ్గర తీసుకున్నవన్నీ. శుభ్రంగా కడిగి పెట్టాడు. వాటిని లోపలికి తెచ్చుకోవడానికి చేతులు రాలేదు, ఇంకా బయటే ఉన్నాయి. వీధిలో పోయేవాళ్ళు "ఏంటి ఎలాదియో, సామాన్లు అమ్ముతున్నావా?" అంటున్నారు.

ఈ వయసులో మనిషికి ముఖం చెల్లకుండా పోతే ఎలా ఉంటుందో ఇప్పుడు తెలిసింది. బారుకి వెళ్ళడం మానేశాను. రొట్టె కోసం పై వీధి చుట్టూ తిరిగి వెళ్తున్నాను.

ఒక్క ముక్క రాయి. తిట్టయినా సరే.

ఎలాదియో


సరగోసా,
2004 నవంబరు 19, శుక్రవారం

ఎలాదియో,

రెండు ఉత్తరాలూ అందాయి. మొదటిది చదువుతూ నవ్వాను. గొర్రెల దగ్గరికి వచ్చేసరికి పొట్ట పట్టుకున్నాను. అంపారో వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి "ఏమైందే, కుట్లు పిగిలాయా?" అంది. ఆ నవ్వు ఆఖరి పేజీ దాకా ఉంది. ఆఖరి పేజీలో పోయింది. అందుకే ఇన్నాళ్ళూ రాయలేదు, అందుకే ఫోన్‌కి రాలేదు. వరసగా చెప్తాను, మధ్యలో కాగితం పక్కన పెట్టకుండా చదువు.

గడ్డల సంగతి నాకు మొదటి రోజే తెలుసు. చిస్పా చేనులోకి రాగానే ముందు చెట్టు దగ్గరికి పోలేదు. నీ కోటు జేబు దగ్గరికి పోయి ముక్కు పెట్టింది, నువ్వు దాన్ని మోకాలితో నెట్టేశావు. సరేలే, జేబులో జున్ను ముక్క ఉంటుందనుకున్నాను. తర్వాత గడ్డ తీశాను. ఏడేళ్ల వయసు నుంచి మామయ్య వెంట కొండల్లో మట్టి వాసన చూసినదాన్ని నేను. గడ్డ ముడతల్లో ఎర్రమట్టి ఉంది. మన చేను మట్టి సున్నంలా తెల్లగా ఉంటుంది. బొటనవేలితో రుద్దితే ఒకచోట తెల్లమట్టి బిళ్ళలా ఊడొచ్చింది, కింద చాకు గాటు. నేలలోపల ఉన్న గడ్డకి చాకుగాటు ఎలా పడుతుందయ్యా? భూమి లోపల కూడా సంత పెట్టారా?

నేను ఏడ్చింది సంతోషంతో కాదు, కోపంతో. దాన్ని నీ మొహాన కొడదామని తలెత్తాను. అప్పుడు నీ ప్యాంటు కనిపించింది. రెండు మోకాళ్ళ దగ్గరా మన తెల్లమట్టి, ఎండిపోయి. ముందురోజుది. నువ్వు నా చేనులో మోకాలు వంచడం పదకొండేళ్లలో అదే మొదటిసారి. ఒక్క మొక్కకి నీళ్ళు పోయడానికి కూడా వంగలేదు. ఆ మట్టి చూసి చెయ్యి దించేశాను. మర్నాడు రొట్టెల కొట్టుకి వెళ్తే ఆడవాళ్ళు జరిగి దారి ఇచ్చారు, నవ్వకుండా. ఆ మర్యాద నాకు తియ్యగా అనిపించింది. అబద్ధమని తెలిసి కూడా దాన్ని వదులుకోబుద్ధి కాలేదు. కాబట్టి అందులో సగం నాది, అంతా నీదేనని గొప్పలు పోకు.

ఇంకోటి. నువ్వు తెచ్చిన గడ్డల్లోంచి గుడ్లలోకి నాలుగు రేకులు మాత్రం తరిగేదాన్ని. మిగతాది నీళ్ళలో మెదిపి, మెత్తటి మట్టిలో కలిపి, మూడో వరసలోనూ నాలుగో వరసలోనూ చెట్ల కింద గుంటలు తీసి నింపాను. మామయ్య తను తీసిన గుంటలో ఎప్పుడూ ఓ ముక్క మెదిపి మట్టి కప్పేవాడు. నువ్వు నన్ను మోసం చేయడానికి తెచ్చినవే నా చేనుకి విత్తనాలయ్యాయి. నీవన్నీ గాటు ఉన్నవి. గాటు లేనిది మొదటిసారి 2002 జనవరి పదిహేడున వచ్చింది, నాలుగో వరస, తొమ్మిదో చెట్టు. మళ్ళీ సాన్ అంతోన్ నాడే. ఆ రోజు నువ్వు పళ్ళ నొప్పితో మంచం మీద ఉన్నావు. దాన్ని ఎవరికీ చూపించలేదు, నేనొక్కదాన్నే తిన్నాను, పచ్చిదే, ఉప్పేసుకుని, గట్టు మీద కూర్చుని. నా రోజుని నువ్వేమీ కలగాపులగం చేయలేదు. ఫలకం మీద సంవత్సరం కూడా తప్పు కాదు. ఆ బ్లాంకాకి చెప్పి నేనే అలా రాయించాను. అన్నట్టు నువ్వు పాతినవి పదకొండు కాదు, పన్నెండు. ఒకటి ఎక్కడ పెట్టావో మర్చిపోయావు. ఏప్రిల్‌లో చిస్పా తవ్వుకు తినేసి రెండు రోజులు కక్కింది.

ఇంతవరకూ నవ్వుతూ రాశాను. ఇక ఆ చిన్నది అన్నావే, దాని సంగతి.

ఆ పేరు నేను మొదటిసారి విన్నది ఉబాల్దో నోట. మొక్కలు నాటిన ఏడు, ట్రాక్టరు మీద పోతూ "ఏం దొరసానీ, కాయలు దిగాయా?" అని అరిచాడు. పెట్టినవాడు అతనే అనుకున్నాను. పద్దెనిమిదేళ్లు అనుకుంటూనే ఉన్నాను. నా వెనక ఎవరు నవ్వినా నాకు ఉబాల్దో మొహమే కనిపించేది. ఆ ఏళ్ళన్నీ రాత్రి ఇంటికొచ్చి నీ పక్కన కూర్చుని "ఆ పేరు పెట్టినవాడి నోరు పడిపోను" అని, ఎవరో చెప్పకుండా, తిట్టుకునేదాన్ని. నువ్వు పులుసు తింటూ వినేవాడివి. ఒక్కసారి కూడా "అది నేనే" అనలేదు. అది నీకు చిన్నదని ఈ ఉత్తరంలో చదివి రెండు రోజులు తిండి సయించలేదు నాకు.

కానీ నీకన్నా నేను సిగ్గుపడాల్సింది ఒకటి ఉంది, ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఉబాల్దో బాదం తోట పీకించిన పొద్దున నేను మన పైగది కిటికీలో నిలబడి చూశాను. నా గడ్డ దొంగదని నాకు తెలుసు. కిందికి దిగి వీధి దాటి ఒక్క మాట చెప్తే ట్రాక్టరు ఆగిపోయేది. తెయోఫిలా ఏప్రన్ అంచు నోట్లో కుక్కుకుని గట్టు మీద నిలబడి ఉంది. నేను దిగలేదు. పేరు పెట్టినవాడికి బాగా అయింది అనుకున్నాను. పూత మీదున్న చెట్లు ఒక్కొక్కటీ పడుతుంటే నిలబడి చూశాను, చివరిదాకా చూశాను. ఏ తప్పూ చేయనివాడి మీద కక్ష తీర్చుకున్నాను, ఎలాదియో. నువ్వు "ఉబాల్దో అర్థం కాని మాట అన్నాడు" అని రాసింది చదివాక అంపారో ఇంట్లో గోడ వైపు తిరిగి పడుకున్నాను. నీకు గుమ్మం ముందు నిచ్చెనే కనిపించింది. నాకు ఆ చెట్లన్నీ కనిపిస్తున్నాయి.

ఇప్పుడు చేయాల్సింది చెప్తాను. ఆ నిచ్చెనా గరిటే లోపలికి తీసుకురాకు, అక్కడే ఉండనీ. నేను వచ్చాక ఇద్దరం మోసుకెళ్ళి మళ్ళీ వాళ్ళింట్లో పెట్టొద్దాం. తీసుకుంటారో తోసేస్తారో వాళ్ళ ఇష్టం. ఈ చలికాలం మన చేనులో వచ్చే గడ్డల్లో బాగా పండినవి ఒక్కటి కూడా సంతకి పోదు. ఉబాల్దో ఒప్పుకుంటే అతని ప్రతి చెట్టు కిందా గుంటలు తీసి, మెదిపి నింపాలి. నా మోకాలు ఇక వంగదు. కాబట్టి వంగాల్సింది నువ్వే, నేను పక్కన కుర్చీ వేసుకుని చెప్తాను. పండుతాయని అతనికి మాట మాత్రం ఇవ్వకు.

ఫలకం తీసుకోవడానికి వస్తాను, ఒక్క షరతు మీద. వేదిక మీదికి ముందు నువ్వు ఎక్కాలి. గడ్డల సంగతి ఊరికి అనవసరం, అది వినాల్సినవాళ్ళు విన్నారు. ఆ పేరు ఎవరు పెట్టారో మైకులో చెప్పాలి. బారులో ఎంత గట్టిగా చెప్పావో అంత గట్టిగా చెప్పు. ఉబాల్దోని ముందు వరసలో కూర్చోబెట్టమని బ్లాంకాకి ఫోన్ చేశాను. నువ్వు దిగాక నేను ఎక్కి నాది చెప్తాను. చెట్లు పడుతుంటే కిటికీలో నిలబడి బాగా అయింది అనుకున్న సంగతి. అది విన్నాక కూడా వాళ్ళు ఆ ఇత్తడి ముక్క నా చేతికిస్తారో లేదో చూద్దాం. ఇవ్వకపోతే నాకేం బాధ లేదు, నాలుగో వరస తొమ్మిదో చెట్టు నా దగ్గరే ఉంది.

డిసెంబరు నాలుగు, శనివారం, నాలుగింటి బస్సుకి దిగుతాను. చేతికర్ర ఉంటుంది. బస్సు మెట్టు ఎత్తు కదా, చెయ్యి అందించు. అక్కణ్ణించి ఇంటికి పై వీధి చుట్టూ తిరగకుండా, రొట్టెల కొట్టు ముందు నుంచే నడిచి వెళ్దాం.

ఇట్లు,
ఓక్ కాయల దొరసాని